మ్యాట్ మీద నిమిషంన్నర, మ్యాట్ బయట ఆరు గంటలు: ఇన్విటేషనల్‌కి వెళ్లే పిల్లల ఇళ్ల నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

మా నల్గొండ క్లబ్బు పిల్లలు 14 మంది వచ్చే ఆదివారం మహబూబ్‌నగర్‌లో ఇన్విటేషనల్ కరాటే పోటీకి వెళ్తున్నారు. వాళ్లలో తొమ్మిది మందికి ఇదే మొదటి టోర్నమెంట్. లిస్టు చదివిన రాత్రి నుంచి నా ఫోను ఆగడం లేదు. ఒకే జవాబు పదిమందికి చెప్పే బదులు ఒకసారి రాసి పెడితే నయమనిపించింది. నేను మాస్టర్‌ని కాను. ఎంట్రీ ఫారాలు నింపడం, బండి మాట్లాడటం, ఐస్ డబ్బా మోయడం నా పని. మా అమ్మాయి బ్రౌన్ బెల్ట్. ఆరేళ్లుగా దాని వెంట తిరిగి తెలుసుకున్నవే ఇక్కడ రాస్తున్నా. రూల్స్ గురించి రాసినవి మాస్టర్ ఒకసారి చదివి సరిచేశారు.

ఇన్విటేషనల్ అంటే ఏంటి? జిల్లా పోటీల లాంటిదేనా?

కాదు. జిల్లా పోటీలో గెలిస్తే రాష్ట్రానికి, అక్కడ గెలిస్తే జాతీయ స్థాయికి వెళ్తారు. అది మెట్ల వరస. ఇన్విటేషనల్‌కి అలాంటి మెట్లు లేవు. ఒక క్లబ్బు తనకు తెలిసిన క్లబ్బులను పిలుస్తుంది, పెళ్లికి పిలిచినట్టే. ఆ ఒక్క రోజుతో దాని కథ అయిపోతుంది. గెలిచినా పై మెట్టు ఉండదు, ఓడినా పోయేదేమీ లేదు. మొదటిసారి వెళ్లే పిల్లలకు ఇంతకంటే మంచి చోటు లేదని మాస్టర్ అంటారు. మూడేళ్లుగా చూస్తున్నాను, నేనూ అదే అంటాను.

ఈ సర్టిఫికెట్ స్పోర్ట్స్ కోటాకు పనికొస్తుందా?

ఆ లెక్క పెట్టుకోవద్దు. కోటాకు చూసేది గుర్తింపు ఉన్న సంఘాల ద్వారా, ప్రభుత్వం చెప్పిన స్థాయిలో ఆడిన పోటీలను. క్లబ్బులు పిలుచుకుని పెట్టుకున్న వాటిని కాదు. ఎవరైనా "ఈ మెడల్‌తో సీటు గ్యారంటీ" అని చెబితే నవ్వి ఊరుకోండి.

ఒలింపిక్స్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తా, ఎందుకంటే అది కూడా రోజూ అడుగుతున్నారు. కరాటే ఒలింపిక్స్‌లో ఆడింది టోక్యో 2020లోనే. కరోనా వల్ల అవి 2021 ఆగస్టులో జరిగాయి. ప్యారిస్ 2024లో లేదు, లాస్ ఏంజెలిస్ 2028 జాబితాలోనూ లేదు. ఆసియా క్రీడల్లో మాత్రం 1994 హిరోషిమా నుంచి ఉంది.

మా పాప కంటే తక్కువ బెల్ట్ ఉన్న బాబుని తీసుకున్నారు. మా పాపను ఎందుకు తీసుకోలేదు?

లిస్టు మాస్టర్‌ది, ఫోన్లు మాత్రం నాకు. అయినా నాకు తెలిసింది చెబుతా. బెల్ట్ రంగు చూసి ఎంచలేదు. గత మూడు నెలల్లో క్లాసుకు ఎన్ని రోజులు వచ్చారో చూశారు. కటా (ఒంటరిగా చేసి చూపించే కదలికల వరస) మధ్యలో మర్చిపోతే ఏడవకుండా మళ్లీ మొదలుపెట్టగలరా అని చూశారు. అన్నిటికంటే ముఖ్యంగా స్పారింగ్‌లో పంచ్ ఎదుటివాళ్ల ముఖం దగ్గర ఎక్కడ ఆగుతోందో చూశారు. చెయ్యి ఆపడం రాని పిల్లలను, ఎంత చురుకైనవాళ్లనైనా, ఈసారి ఆపారు. మీ పాప సంగతి మాస్టర్‌నే అడగండి, క్లాసు అయ్యాక, పాప ముందు కాకుండా.

దెబ్బలు తగులుతాయా? నిజం చెప్పండి.

తగులుతాయి. ఎక్కువగా కాలి వేళ్లు, మోకాలి కింది ఎముక, ముంజేయి. కాస్త వాపు, కాస్త నలుపు. మూడు రోజుల్లో పోతాయి.

మీ భయం ముఖం గురించని తెలుసు. పిల్లల విభాగాల్లో ముఖం వైపు వేసే పంచ్ తగలకముందే ఆగాలి. తగిలితే పాయింట్ రాదు సరికదా, కొట్టినవాళ్లకే హెచ్చరిక పడుతుంది. మొదట చుయ్, తర్వాత హన్సోకు చుయ్, అదీ దాటితే హన్సోకు, అంటే బౌట్ (ఇద్దరి మధ్య జరిగే ఒక ఆట) ఓడిపోయినట్టే. ఇంకోటి కూడా ఉంది. తగలకపోయినా ముఖం పట్టుకుని పడిపోయి నాటకమాడితే దానికీ శిక్ష ఉంది. ఫుట్‌బాల్ చూసి నేర్చుకున్న పిల్లలు జాగ్రత్త.

తలకు గట్టిగా తగిలితే మాత్రం మా దగ్గర బేరం లేదు. తలనొప్పి, వాంతి, మగతగా ఉండటం, అడిగిందే మళ్లీ అడగడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజుకు ఆట బంద్, నేరుగా ఆసుపత్రికే. "ఫైనల్ ఉంది సార్, ఒక్కటే బౌట్" అని బతిమాలొద్దు. ఇంటికొచ్చాక రాత్రి ఈ లక్షణాలు కనిపించినా పొద్దున చూద్దామని ఆగొద్దు.

కిట్‌లో ఏమేం ఉండాలి?

గ్లౌజులు ఎరుపు ఒక జత, నీలం ఒక జత. కాళ్లకు షిన్ గార్డులు, ఫుట్ గార్డులు కూడా ఆ రెండు రంగుల్లోనే. చెస్ట్ గార్డు, మౌత్ గార్డు, మగపిల్లలకు గ్రాయిన్ గార్డు. ఎరుపు, నీలం బెల్టులు క్లబ్బువి ఉన్నాయి, కొనొద్దు. గ్లౌజులు అందరూ కొనాల్సిన పనిలేదు. ఒకే బరువులో లేని ఇద్దరు పిల్లలు ఒక జతతో సర్దుకోవచ్చు. మౌత్ గార్డు మాత్రం ఎవరిది వాళ్లదే. వేడి నీళ్లలో ముంచి పళ్లతో కొరికి అచ్చు తీసుకోవాలి, ఈ పని గురువారమే చేయండి. పోయినసారి ఒక బాబు కవరు విప్పని మౌత్ గార్డుతో వచ్చాడు. హాలు బయట చాయ్ బండి ఆయన దగ్గర వేడి నీళ్లు అడిగి స్టీలు గ్లాసులో ముంచాం. పని అయింది కానీ వాడికి బౌట్ అంతా చాయ్ వాసనే.

డ్రెస్ తెల్లగా, ఉతికి, చిరుగుల్లేకుండా ఉండాలి. చేతులు మడవకూడదు. ఆడపిల్లలు లోపల తెల్ల టీషర్టు వేసుకోవచ్చు, మగపిల్లలు వేసుకోకూడదు.

చెవి పోగులు, మొలతాడు, తాయెత్తు?

మా ఊళ్లలో ప్రతి టోర్నమెంట్‌లోనూ ఆలస్యం అయ్యేది ఇక్కడే. కాబట్టి కాస్త వివరంగా చెబుతా.

ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదు. కమ్మలు, ముక్కుపుల్ల, పట్టీలు, కడియం, వెండి బిళ్ల ఉన్న మొలతాడు, తాయెత్తు, మెడలో గొలుసు అన్నీ ఇంట్లోనే తీసి రావాలి. తలకు లోహపు క్లిప్పులు వద్దు, బట్ట రబ్బరు బ్యాండే. గుడిలో కట్టిన ఎర్ర దారం సంగతి రెఫరీని బట్టి ఉంటుంది, కొందరు వదిలేస్తారు, కొందరు కత్తిరించమంటారు. పోయినసారి ఒక పాప ముక్కుపుల్ల రాక, వాళ్లమ్మ కొబ్బరినూనె రాస్తూ కూర్చుంటే మైకులో పేరు మూడుసార్లు పిలిచారు. మూడోసారికి పరుగెత్తుకెళ్లి నిలబడింది, అప్పటికే కళ్లు నిండా నీళ్లు. ఆ బౌట్ ఎలా పోయిందో చెప్పక్కర్లేదు. శనివారం రాత్రే తీసేయండి.

చేతి గోళ్లు, కాలి గోళ్లు రెండూ కత్తిరించాలి. అందరూ మర్చిపోయేది కాలివి.

హిజాబ్ వేసుకునే అమ్మాయిలు జుట్టు కప్పే నల్లటి, ప్లెయిన్ స్కార్ఫ్‌తో ఆడవచ్చు, అంతర్జాతీయ రూల్స్‌లోనే ఉంది. గొంతు భాగం కప్పకూడదు, పిన్నులు ఉండకూడదు.

కళ్లద్దాలతో కుమితే, అంటే ఇద్దరు ఎదురెదురుగా తలపడే ఆట, ఆడనివ్వరు.

బాబు అయ్యప్ప మాలలో ఉన్నాడు.

మాల తీయకూడదు. మాలతో బౌట్‌కి దించకూడదు. దీక్ష అయ్యాక ఇంకో పోటీ చూద్దాం.

ఆధార్‌లో ఒక తేదీ, స్కూల్లో ఒక తేదీ ఉంది. ఏది ఇవ్వాలి?

ఇది చాలా ఇళ్లలో ఉన్న సంగతే. బడిలో చేర్చేటప్పుడు జూన్‌లో ఒక తేదీ వేయించేసి ఉంటారు. మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం ఉంటే దాని ప్రకారం వెళ్దాం. లేకపోతే ఆధార్. తక్కువ వయసు గ్రూపులో ఆడితే మెడల్ ఖాయం కదా అని ఒక నాన్నగారు మెల్లగా అడిగారు. పదేళ్ల పిల్లలతో పన్నెండేళ్ల పిల్లాడిని ఆడిస్తే రేపు ఆ పదేళ్ల పిల్లాడి పళ్లు ఊడితే ఎవరు జవాబుదారీ? ఆ ఫారం నేను నింపను.

పేరు ఇంగ్లీష్ స్పెల్లింగ్ కూడా ఒకసారి సరిచూడండి. సర్టిఫికెట్ మీద తప్పు పడితే మళ్లీ దిద్దించడం నా వల్ల కాదు.

బరువు 35 దాటి అరకిలో ఎక్కువుంది. నాలుగు రోజులు అన్నం మాన్పించి తగ్గించమంటారా?

వద్దు. వద్దే వద్దు. పై గ్రూపులో ఆడతాడు, అంతే. అన్నం మానేసి, నీళ్లు తాగకుండా వచ్చిన పిల్లాడు తూకం గెలుస్తాడు, బౌట్ ఓడతాడు. ఫారంలో మేం అసలు బరువే రాస్తున్నాం.

కటా, కుమితే రెండిట్లో ఆడాలా?

మొదటిసారి వచ్చే పిల్లలు చాలామంది కటా ఒక్కటే. ఎదురుగా మనిషి లేకుండా, నేర్చుకున్న వరసను ఒంటరిగా చేసి చూపించడం కటా. మన చిన్నపిల్లలు హెయాన్ షోదాన్ అనే కటా చేస్తారు. అందులో 21 కదలికలు. 9వ దగ్గర, 17వ దగ్గర గట్టిగా కియాయ్ అరవాలి. ఇంట్లో అరిస్తే పక్కింటివాళ్లు ఏమనుకుంటారో అని చాలామంది పిల్లలు మెల్లగా అంటున్నారు. ఈ వారం అరవనివ్వండి.

మ్యాట్ మీదికి వెళ్లాక ముందు కటా పేరు గట్టిగా చెప్పాలి. ఒకటి చెప్పి ఇంకోటి చేస్తే అంతటితో బయటికే. తడబడితే నష్టమే, కానీ పూర్తి చేసి వంగి నమస్కరించి రావాలి. పోటీలో ఒకరు ఎర్ర బెల్ట్ కడతారు, వాళ్లు అకా; ఎదుటివాళ్లు నీలం బెల్ట్, వాళ్లు అవో. ఇద్దరూ చేశాక జడ్జీలు జెండాలు ఎత్తుతారు, ఎక్కువ జెండాలు ఏ రంగువైతే వాళ్లు గెలిచినట్టు.

కుమితే పాయింట్లు నాకు అర్థం కావు. టీవీలో చూసినా తెలియలేదు.

చేత్తో కొట్టిన పంచ్‌కి ఒకటి, యుకో. పొట్టకు, ఛాతీకి, వీపుకు తన్నితే రెండు, వజా అరి. తలవైపు కిక్ సరిగ్గా పడితే మూడు, ఇప్పొన్. కింద పడినవాళ్ల మీద వెంటనే వేసిన పంచ్‌కి కూడా మూడే. నాలుగు మూలల్లో కూర్చున్న జడ్జీల్లో కనీసం ఇద్దరు ఒకే రంగు జెండా ఎత్తితేనే పాయింట్. మీకు గ్యాలరీలో నుంచి కనిపించిన పంచ్ వాళ్లకు కనిపించకపోవచ్చు. వాళ్లకు కనిపించింది మీకు కనిపించకపోవచ్చు కూడా.

స్కోరు సమానంగా ముగిస్తే, ఎదుటివాళ్లకు పాయింట్ లేనప్పుడు మొదట పాయింట్ తెచ్చుకున్నవాళ్లు గెలుస్తారు. దాన్ని సెన్షు అంటారు. ఎనిమిది పాయింట్ల తేడా వస్తే టైము ఉన్నా బౌట్ ఆపేస్తారు. మన చిన్నపిల్లలకు బౌట్ నిమిషంన్నర, 14 దాటినవాళ్లకు రెండు నిమిషాలు. రెఫరీ "యమే" (ఆగండి) అన్న ప్రతిసారీ గడియారం ఆగుతుంది కాబట్టి చూడటానికి ఎక్కువసేపే అనిపిస్తుంది. అమ్మలకు ఇంకా ఎక్కువ.

మేం పక్కనే ఉండి చెప్పొచ్చా? నేను చెబితేనే వింటుంది.

మ్యాట్ పక్కన కుర్చీ ఒకటే, అది కోచ్‌ది. మీ చోటు గ్యాలరీ.

రెండేళ్ల కింద ఒక పోటీలో మా క్లబ్బు అమ్మాయి 4-1తో ముందుంది. టైము పదిహేను సెకన్లు కూడా లేదు. వెనక్కి జరుగుతూ దూరం కాపాడుకుంటే చాలు. అప్పుడు పైనుంచి వాళ్ల నాన్న "కొట్టు బిడ్డా, వదలకు!" అని అరిచాడు. పాప నాన్న గొంతు గుర్తుపట్టి తలెత్తి పైకి చూసింది. అంతే, ఎదుటి అమ్మాయి కాలు చెవి పక్కకు వచ్చి ఆగింది. మూడు పాయింట్లు, 4-4. సెన్షు ఎదుటి అమ్మాయిదే, బౌట్ కూడా. ఆ నాన్నగారు ఇప్పుడు కూడా మాతో వస్తారు, బౌట్ మొదలవగానే హాలు బయటికి వెళ్లి నిలబడతారు. ఆయనే చెప్పమన్నారు కాబట్టి రాస్తున్నా.

చప్పట్లు కొట్టండి, పేరు పిలవండి. ఏం చేయాలో మాత్రం చెప్పొద్దు. ఫ్లాష్ పెట్టి ఫొటోలు తీయొద్దు.

రెఫరీ అన్యాయం చేస్తే?

చేయొచ్చు, మనుషులే కదా. అడగాల్సి ఉంటే మాస్టర్ పద్ధతి ప్రకారం అడుగుతారు. మీరు కిందికి దిగొస్తే ఆ పిల్ల పోటీకే ముప్పు. ఆతిథ్యం ఇచ్చిన క్లబ్బు పిల్లలకే జెండాలు ఎక్కువ లేస్తాయనే మాట ప్రతి టోర్నమెంట్‌లో వినిపిస్తుంది. కొన్నిసార్లు నాకూ అలాగే అనిపించింది. ఇంటికొచ్చి వీడియో చూస్తే సగం సార్లు మనవాళ్ల పంచే పడలేదు.

ఎన్నింటికి బయలుదేరాలి, ఎన్నింటికి తిరిగొస్తాం?

ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి క్లాక్ టవర్ దగ్గర బండి ఉంటుంది. దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా వెళ్తాం. దేవరకొండ వైపు నుంచి వచ్చే ఇద్దరు పిల్లలు దారిలోనే ఎక్కుతారు. ఎనిమిదిన్నరకు హాల్లో ఉండాలి. తిరిగి రావడానికి టైము చెప్పలేను, రాత్రి పది అనుకోండి. బండిలో కడుపులో తిప్పే పిల్లలను ముందు సీట్లో కూర్చోబెట్టండి, నిమ్మకాయ ఒకటి జేబులో పెట్టండి.

మా వాడి బౌట్ ఎన్నింటికి?

ఈ పేజీ మొత్తానికి కారణం ఈ ప్రశ్నే. తెలియదు. ఎవరికీ తెలియదు, పోటీ పెట్టినవాళ్లకు కూడా. పదింటికి మొదలవుతుందంటారు. ముఖ్య అతిథి వచ్చాక, జ్యోతి వెలిగించాక, శాలువాలు అయ్యాక పదకొండున్నర. మీ వాడి కేటగిరీ పన్నెండుకు రావచ్చు, సాయంత్రం ఐదుకు రావచ్చు. పోటీ అంటే ముప్పాతిక వంతు ఎదురుచూడటమే, ఓడిపోయే పిల్లలు చాలామంది మ్యాట్ మీద కాదు, ఆ ఎదురుచూపులోనే ఓడిపోతారు. పొద్దున హాలంతా పరుగులు పెట్టి, పదకొండింటికి కూల్‌డ్రింక్ తాగి, ఒంటిగంటకు బిర్యానీ తిని, మూడింటికి ఫోన్‌లో గేమ్ ఆడుతూ నిద్రలోకి జారతారు. మూడుంపావుకు మైకులో పేరు వస్తుంది.

అందుకే మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. హాల్లో ఒక మూలన రెండు జంపఖానాలు పరుస్తాం. పిల్లలంతా అక్కడే. ఫోన్లు నా సంచిలో. అష్టాచెమ్మా గవ్వలు, పేక బదులు యూనో కార్డులు ఉంటాయి. నిద్రొచ్చిన వాళ్లు పడుకోవచ్చు. వాళ్ల కేటగిరీకి ముందు మూడు బౌట్లు ఉన్నాయనగా లేపి, ముఖం కడిగించి, పది నిమిషాలు ఒళ్లు వేడెక్కేలా చేయిస్తారు మాస్టర్. డ్రా షీటు (ఎవరితో ఎవరు ఆడాలో రాసిన కాగితం) దగ్గర ఒక అమ్మో నాన్నో నిలబడి చూస్తుండాలి. ఆ డ్యూటీకి ఇద్దరు కావాలి, పేర్లు నాకు చెప్పండి.

తిండి?

పొద్దున జడ్చర్లలో ఇడ్లీ. ఆ తర్వాత బౌట్ అయ్యేదాకా కొంచెం కొంచెంగా: అరటిపండు, పల్లీపట్టీ, పెరుగన్నం నాలుగు ముద్దలు. కారం, నూనె వద్దు. సర్వపిండి తెస్తామన్న అమ్మలకు దండం, తప్పక తెండి, కానీ బౌట్లు అయ్యాకే డబ్బా మూత తీద్దాం. నీళ్లు ఎవరి సీసా వాళ్లది, పేరు రాసి. బిర్యానీ రాత్రికి, తిరుగు దారిలో.

పాపకు నెలసరి ఆ రోజే వచ్చేలా ఉంది.

తనకు ఆడాలనిపిస్తే ఆడొచ్చు, అడ్డేం లేదు. వద్దనిపిస్తే ఎవరికీ కారణం చెప్పక్కర్లేదు, నాకు "రావట్లేదు" అంటే చాలు. మాతో ఇద్దరు అమ్మలు వస్తున్నారు, ప్యాడ్లు, ఇంకో జత ప్యాంటు వాళ్ల దగ్గర ఉంటాయి.

మెడల్ వస్తుందా?

డ్రా షీటు చూసి చెప్పొచ్చు. ఒక్కోసారి ఒక కేటగిరీలో ముగ్గురే ఉంటారు. అప్పుడు ఒక్క బౌట్ కూడా గెలవకుండానే కంచు మెడల్ వస్తుంది. ఇంకో కేటగిరీలో 22 మంది ఉంటారు, మూడు బౌట్లు గెలిచిన పిల్ల ఉత్త చేతులతో వస్తుంది. నా దృష్టిలో రెండో పిల్ల ఎక్కువ ఆడింది. ఈ సంగతి బండిలో అందరి ముందూ చెబుతాను, ముందే చెబుతున్నా, ఎవరూ నొచ్చుకోవద్దు.

గెలిస్తే ఫ్లెక్సీ కట్టిద్దామా? పేపర్లో వస్తుందా?

పేపరు వాళ్లకు గ్రూపు ఫొటో పంపిస్తాం, జిల్లా పేజీలో చోటుంటే వేస్తారు. అందులో ఓడినవాళ్లూ ఉంటారు. ఫ్లెక్సీ మీ ఇష్టం, మీ డబ్బు. క్లబ్బు పేరు మాత్రం పెట్టొద్దు.

అంతదూరం వెళ్తున్నాం, పిల్లలమర్రి చూపించొచ్చు కదా?

అడిగిన వాళ్లు పిల్లలు కాదు, ముగ్గురు నాన్నలు. ఊరికి దగ్గరే. 700 ఏళ్ల మర్రి అని చెబుతారు. 2018లో చెదలు పట్టి కొమ్మలు కూలుతుంటే, ఆసుపత్రిలో రోగికి ఎక్కించినట్టు సీసాలు వేలాడదీసి చెట్టుకు మందు ఎక్కించారు. నాకూ చూడాలనే ఉంది. కానీ ఆదివారం సాయంత్రం ఆరింటికి బౌట్లు నడుస్తూ ఉంటాయి. వేసవి సెలవుల్లో విడిగా ఒక ట్రిప్పు పెడదాం.

ఓడిపోయి ఏడిస్తే ఏం చేయాలి?

ఏడవనివ్వండి. ముందు నీళ్లు ఇవ్వండి. "ఏం గాదు బిడ్డా" అంటే చాలు. ఎందుకు ఓడిందో ఆ రోజు చెప్పొద్దు, వీడియో చూపించొద్దు. జడ్చర్ల దాటేలోపు చాలామంది వాళ్లంతట వాళ్లే మొదలుపెడతారు, "ఆ అమ్మాయి కాలు ఇట్ల లేపింది అంకుల్" అని సీట్లో కూర్చునే కాలు లేపి చూపిస్తారు.

ఎంట్రీ ఫీజు వెనక్కి ఇస్తారా?

పేరు పంపాక ఇవ్వరు. జ్వరమొచ్చినా అంతే. మొత్తం లెక్క క్లాసు బోర్డు మీద అంటించాం.

సోమవారం క్లాసు ఉందా?

ఉంది, మామూలు టైముకే, ఆరింటికి. డ్రెస్ రాత్రే నానబెట్టండి, మ్యాట్ మీది నలుపు తెల్లారితే వదలదు. ఎరుపు, నీలం బెల్టులు తెచ్చి నాకు ఇవ్వండి, పోయినసారి రెండు తక్కువ పడ్డాయి.